గజిని దండయాత్ర... ఐదు లెవెళ్లు

డిగ్రీ పరీక్ష పదోసారి రాసేవాణ్ని మనవాళ్లు ‘గజినీ మహమ్మద్’ అంటారు. అది పాత మాట. 2005లో సూర్య సినిమా తెలుగులోకి వచ్చాక దానికి తోడు ఇంకో మాట పుట్టింది. బండి తాళాలు ఎక్కడ పెట్టాడో మర్చిపోయినవాడూ, పాలప్యాకెట్ తెమ్మంటే పేపరు తెచ్చినవాడూ అందరూ ‘గజిని’లైపోయారు. చిత్రమేమిటంటే, హిందీ సినిమాలో గజిని అన్నది విలన్ పేరు. మతిమరుపు హీరోది. జనానికి ఆ తేడా పట్టలేదు.

ఒక గజిని వదలక మళ్లీ మళ్లీ దండెత్తేవాడు. ఇంకో గజిని పదిహేను నిమిషాలకోసారి అన్నీ మర్చిపోయేవాడు. ఈ ఇద్దరినీ కలిపితే ఏమవుతుంది? అచ్చంగా వీడియోగేమ్ అవుతుంది! తెరమీది బొమ్మ చచ్చిపోతుంది, మళ్లీ మొదటినుంచి లేచి నడుస్తుంది. దానికి ఏదీ గుర్తుండదు. ఏ మలుపులో దెబ్బ పడిందో, ఏ తలుపు వెనక ఎవడు నక్కాడో ఆడేవాడికి మాత్రం అంతా గుర్తే. ఆ జ్ఞాపకంతోనే గెలుస్తాడు.

ఇంత చక్కగా కుదిరే కథను నిజంగానే వీడియోగేమ్‌గా తీశారు. తీసింది హైదరాబాద్‌లోనే.

మురుగదాస్ దర్శకత్వంలో ఆమిర్‌ఖాన్ నటించిన హిందీ ‘గజిని’ 2008 డిసెంబరు 25న విడుదలైంది. నిర్మించింది మన అల్లు అరవింద్ గీతా ఆర్ట్స్. ఆ సినిమా వేడిలోనే ‘గజిని-ద గేమ్’ వచ్చింది. హైదరాబాద్ కంపెనీలైన ఎఫ్ఎక్స్ ల్యాబ్స్, గేమ్‌శాస్త్ర దాన్ని తయారుచేస్తే, ఈరోస్ మార్కెట్లోకి తెచ్చింది. మన దేశంలో తయారైన మొదటి అసలుసిసలు త్రీడీ పీసీ గేమ్ అని ప్రచారం చేశారు. ‘మొదటి’ అన్న మాట మీద పేచీ పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, అది వేరే సంగతి. పదిహేనేళ్లు దాటినవాళ్లకే అని కంపెనీయే గీత గీసుకుంది. ఆటలో మనమే సంజయ్. ఐదు లెవెళ్లు. చేతులతో, ఆయుధాలతో, దొరికిన వస్తువులతో శత్రువుల పనిపడుతూ ముందుకెళ్లాలి. ధర 14.99 డాలర్లని ప్రకటించారు. ఆనాటి లెక్కన ఏడొందల రూపాయల పైమాటే.

ఇలాంటి ఆటకు అసలు పరీక్ష అబిడ్స్‌లో జరిగేది. జిల్లాల నుంచి రైలెక్కి నాంపల్లి స్టేషన్‌లో దిగినవాళ్లకి అబిడ్స్ నడిచేంత దూరం. ఆ రోజుల్లో ఎలక్ట్రానిక్ వస్తువులంటే జగదీష్ మార్కెట్‌కే వెళ్లేవారు. అంతకుముందు తొంభైల్లో టీవీకి తగిలించే ఎనిమిది బిట్ల గేములు రాజ్యమేలాయి. మారియో, కాంట్రా క్యాసెట్లు పెట్టి, పనిచేయకపోతే నోటితో ఊది మళ్లీ పెట్టిన తరం అది. తర్వాత కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో పాఠం అయిపోగానే ‘అల్లాద్దీన్’ ఆడిన తరం వచ్చింది. డిస్నీ సినిమా ఆధారంగా 1993లో వచ్చిన ఆ ఆటకి డిస్నీ బొమ్మలగాళ్లే చేత్తో బొమ్మలు గీశారు. అందుకే అల్లాద్దీన్ గెంతితే సినిమాలో గెంతినట్టే ఉండేది. ఇక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల్లో కంప్యూటర్ పత్రికలు, వాటికి అంటించిన సీడీలు దొరికితే పండగే. ఆ సీడీల్లో ఆట మొత్తం ఉండదు, రుచి చూపించే ముక్క ఉంటుంది. ఆ ముక్కనే నెల రోజులు ఆడినవాళ్లున్నారు.

అలా ఆరితేరిన కుర్రాడి ముందుకొచ్చింది ‘గజిని’ డబ్బా.

దాని బలం డబ్బా మీదే కనిపిస్తుంది. కొత్త ఆట ఏదైనా వస్తే, ఈ హీరో ఎవరు, ఎందుకు కొడుతున్నాడు అని చెప్పడానికే బోలెడు తతంగం ఉంటుంది. సినిమా గేమ్‌కి ఆ బాధ లేదు. ఒంటినిండా పచ్చబొట్లు, తలమీద మచ్చ, చేతిలో కెమెరా చూస్తే చాలు, కల్పనను చంపినవాడి మీద కసి అప్పటికే ఆడేవాడి గుండెలో ఉంటుంది. ఆ జుట్టు కత్తిరింపు కావాలని సెలూన్లకు కుర్రాళ్లు పరుగెత్తిన రోజులవి. నెలల తరబడి చేయాల్సిన ప్రచారం సినిమావాళ్లే చేసిపెట్టారు. ఇంగ్లీషు పేర్ల సైనికులు తప్ప వేరే హీరో కనపడని కౌంటర్ మీద మనకు తెలిసిన ముఖం ఒకటి కనిపించింది. అది తక్కువ సంగతేం కాదు.

మరి బలహీనత? అది క్యాలెండర్‌లో ఉంది. సినిమాకి విడుదల తేదీ ఉంటుంది. ఆట కూడా ఆ వేడి చల్లారకముందే రావాలి. వారం ఆలస్యమైతే పోస్టర్లు మారిపోతాయి. కానీ ఆట తయారీ వంట లాంటిది కాదు, వ్యవసాయం లాంటిది. కాపు రావడానికి పట్టే కాలం పడుతుంది. ఈ తొందర ఎంత దూరం తీసుకెళ్తుందో అమెరికాలో అటారీ కంపెనీ 1982లోనే చూపించింది. స్పీల్‌బర్గ్ ‘ఈటీ’ సినిమాకి గేమ్ కావాలి, అది క్రిస్మస్‌కి దుకాణాల్లో ఉండాలి అన్నారు. హోవార్డ్ స్కాట్ వార్షా అనే ఇంజినీరుకి దొరికింది ఐదు వారాలు. ఆయన సమర్థుడే. అయినా ఆటలో ఈటీ గోతుల్లో పడటం, పైకి రావడం, మళ్లీ పడటం. కొన్నవాళ్లు విసుగెత్తిపోయారు. 1983లో అటారీ తన మిగులు సరుకును న్యూమెక్సికోలో అలమగోర్డో దగ్గర గుంత తీసి పూడ్చేసింది. అదంతా కట్టుకథని చాలాకాలం అనుకున్నారు. 2014లో తవ్వితే ‘ఈటీ’ క్యాసెట్లు నిజంగానే బయటపడ్డాయి!

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ ‘గోల్డెన్ఐ’. జేమ్స్‌బాండ్ సినిమా 1995 నవంబరులో వస్తే, బ్రిటన్‌కి చెందిన రేర్ కంపెనీ చేసిన గేమ్ 1997 ఆగస్టులో వచ్చింది. అప్పటికి సినిమా వెళ్లిపోయి చాలాకాలమైంది. చేసిన జట్టులో చాలామందికి అదే మొదటి ఆట. అయినా ఎనభై లక్షలకు పైగా అమ్ముడైంది. వాళ్లకు తెలివి ఎక్కువని కాదు, సమయం ఇచ్చారు. మన నిర్మాతల్లో ఎవరైనా సినిమా పోయిన రెండేళ్లకి గేమ్ వస్తుందంటే ఒప్పుకుంటారా?

రెండో బలహీనత ఇంతకన్నా లోతైనది. సినిమా నుంచి ఏం తీసుకోవాలి అన్నది. ‘గజిని’లో ఫైట్లున్నాయి, నిజమే. కానీ జనం ఫైట్ల కోసం ఏడవలేదు. ప్రతి పదిహేను నిమిషాలకూ తుడిచిపెట్టుకుపోయే మనసుతో ఒకడు పగ ఎలా తీర్చుకుంటాడు? ఫొటో వెనక రాసుకున్న నాలుగు మాటల్ని ఎంతవరకు నమ్ముతాడు? ఎవరైనా అక్కడ అబద్ధం రాసి పెడితే? థియేటర్లో మూడు గంటలు కూర్చోబెట్టింది ఇదీ. ఆట తన గురించి చెప్పుకున్నదంతా కొట్లాట గురించే. ఐదు లెవెళ్లలో ఎవరిని ఎలా కొట్టాలన్నదే ముందుకొచ్చింది. కొట్లాట ఆటలు కావాలంటే అబిడ్స్ కౌంటర్ల మీద అంతకన్నా బాగా కొట్టేవి విదేశాల నుంచి వచ్చి కూర్చునే ఉన్నాయి. వాటికి లేనిది సంజయ్ మతిమరుపు. పదిహేను నిమిషాలకోసారి ఆటలో మ్యాపు చెరిగిపోయి, తను తీసుకున్న ఫొటోలే దిక్కైతే ఆడేవాడి గతేమిటి? చేతిలో ఉన్న బంగారాన్ని వదిలి ఇనుము బరువు చూపించినట్టయింది.

దీనికి నిందంతా హైదరాబాద్ కుర్రాళ్ల మీద వేయడం అన్యాయం. హీరో ముఖం, కథ, తేదీ అన్నీ పైనుంచి వస్తాయి. ప్రోగ్రాం రాసేవాడికి మిగిలేది రాత్రిళ్లు. పైగా మన ఇళ్లలో కంప్యూటర్ ‘పిల్లాడి చదువు కోసం’ కొన్నది. అందులో ప్రత్యేకంగా గ్రాఫిక్స్ కార్డు వేయించమంటే నాన్నగారు ఎందుకని అడుగుతారు. త్రీడీ ఆటకి అది లేకపోతే బొమ్మ నత్తనడక నడుస్తుంది. నెట్‌సెంటర్లలో గంటలెక్కన డబ్బు కట్టేవాళ్లు నలుగురితో కలిసి కౌంటర్‌స్ట్రైక్ ఆడతారు, ఒంటరిగా పగ తీర్చుకోరు. వీటన్నిటికీ తోడు ఫుట్‌పాత్ మీది కాపీ సీడీ.

పైగా సినిమా విడుదలైన వారానికే నాంపల్లిలో నుమాయిష్ మొదలైంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పుట్టి, ఎగ్జిబిషన్ మైదానానికి చేరిన ఆ సందడి ఏటా జనవరి 1 నుంచి నెలన్నర సాగుతుంది. జెయింట్ వీల్, మౌత్ కా కువా, మిర్చి బజ్జీలు... ఏడొందలు అక్కడ ఇంటిల్లిపాదికీ ఒక సాయంత్రం. సీడీలో ఒక్కడికే. మధ్యతరగతి తండ్రి ఎటు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు.

అయినా ఆ ఏడాది హైదరాబాద్ ఊరికే కూర్చోలేదు. 2009లోనే ఇక్కడి అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్-2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసింది. దేవుణ్ని రిమోట్‌తో ఆడిస్తారా అని కొందరు అభ్యంతరం చెప్పారు కూడా. గేమ్‌శాస్త్ర ‘దేశీ అడ్డా’ పేరుతో కబడ్డీ లాంటి మన వీధి ఆటల్ని తెరమీదికి తెచ్చింది. ఈ రెంటికీ సినిమా తేదీ లేదు, హీరో కాల్షీట్ లేదు. ‘గజిని’కి దక్కిన పోస్టర్ల ఆర్భాటమూ లేదు.

2017లో ‘బాహుబలి-2’తోపాటు వచ్చిన గేమ్ ఇంకో దారి పట్టింది. చేసింది బెంగళూరు కంపెనీ మూన్‌ఫ్రాగ్. ఇందులో ప్రభాస్‌లా కత్తి తిప్పక్కర్లేదు. మాహిష్మతిని కట్టుకోవాలి, సైన్యాన్ని పెంచుకోవాలి, కాలకేయుల నుంచి కాపాడుకోవాలి. పద్ధతి కొత్తదేం కాదు, ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’ ఆడినవాడు రెండు నిమిషాల్లో పోల్చేస్తాడు. కానీ సినిమాలో జనానికి నచ్చిన కోట, యుద్ధవ్యూహం ఆటలోకి వచ్చాయి. పైగా ఫోన్‌లో ఉచితం. గ్రాఫిక్స్ కార్డు కోసం నాన్నని బతిమాలాల్సిన పనిలేదు, నాన్న ఫోన్ లాక్కుంటే చాలు.

జగదీష్ మార్కెట్‌లోనూ సీడీల కాలం పోయి ఫోన్ల కాలం వచ్చింది. పగిలిన తెర మార్చడానికి ఇచ్చి, అరగంట ఆగమంటే పక్కనే నిలబడి స్నేహితుడి ఫోన్‌లో ఆడుకునే కుర్రాళ్లే ఎక్కువ. వాళ్లు ఆడే ఆటల్లో తెలుగు సినిమా పేరున్నది వెతకాల్సిందే. పేరొక్కటే చూసి ఆడే వయసు వాళ్లది కాదు. ఒక లెవెల్ ఆడి చూస్తారు. నచ్చకపోతే అక్కడికక్కడే తీసిపారేస్తారు.