డ్రాయర్లో తుపాకీ

పోయిన నెల మన క్లబ్ చర్చకు పెట్టిన అంశం గుర్తుందా? "పని చేసే చోట ఆత్మరక్షణకు తుపాకీ పెట్టుకునే హక్కు ఉండాలా, వద్దా?" చేతులెత్తమంటే పద్నాలుగు మంది ఉండాలన్నారు, తొమ్మిది మంది వద్దన్నారు. నేను ఏ వైపూ ఎత్తలేదు. "నీకు అభిప్రాయమే లేదారా?" అని ఒక సీనియర్ అన్న నవ్వాడు. ఉంది అన్నా. రెండు నిమిషాల్లో చెప్పేది కాదని ఊరుకున్న.

మాది చివ్వెంల. మా నాయిన 65వ నంబరు జాతీయ రహదారి మీద ఒక పెట్రోల్ బంకులో రాత్రి క్యాషియర్. రెండేళ్ల కింద ఒక రాత్రి రెండున్నరకు బైకు మీద ఇద్దరు వచ్చారు. రెండు వందల పెట్రోలు కొట్టించుకున్నారు. నాయిన చిల్లర తీసేలోపు ఒకడు కత్తి తీశాడు. పద్దెనిమిది వేలు పోయాయి, అరచేతికి ఆరు కుట్లు పడ్డాయి. ఇప్పటికీ చలికాలంలో ఆ చేత్తో నీళ్ల బకెట్ లేపలేడు.

వారం తర్వాత ఓనర్ ఇంటికి వచ్చి, "రివాల్వర్‌కు లైసెన్స్ పెడతా, డ్రాయర్లో ఉంచుకో" అన్నాడు. అమ్మ "మంచిదే గదా" అన్నది. నేనూ అదే అన్నాను, దాచుకోను. ఆ కుట్లు చూసిన కొడుకు ఇంకేమంటాడు? నాయిన మాత్రం "సూద్దాం సార్" అని ఊరుకున్నాడు. ఆయన "సూద్దాం" అంటే వద్దని అర్థం.

ఆ కోపంతోనే చట్టం చదవడం మొదలుపెట్టాను. మన దగ్గర తుపాకీ హక్కు కాదు, అనుమతి. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్స్ కావాలంటే 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి, తుపాకీ వాడకంలో శిక్షణ ఉండాలి, ఇవ్వాల్సిన అధికారి ఒప్పుకోవాలి. 2016 నిబంధనల్లో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. వ్యాపారం, వృత్తి, ఉద్యోగం స్వభావం వల్ల ప్రాణానికో ఆస్తికో రక్షణ నిజంగా అవసరమైన వాళ్ల దరఖాస్తును పరిశీలించొచ్చు. అంటే ఓనర్ మాట పూర్తిగా గాలి మాట కాదు. కాకపోతే లైసెన్స్ ఇచ్చేది మనిషికి, కౌంటరుకు కాదు. ఓనర్ పేరు మీద తీసి, ఆ రాత్రి ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్ల డ్రాయర్లో పెడతానంటే కుదరదు. ఆత్మరక్షణ హక్కు వేరే సంగతి. అది అందరికీ ఉంది, కొత్త న్యాయ సంహితలో 34వ సెక్షన్ నుంచి 44 దాకా. ఆ హక్కు ఉన్నంత మాత్రాన ఆయుధం హక్కు రాదు. 2023 ఫిబ్రవరిలో లైసెన్స్ లేని తుపాకుల మీద విచారిస్తూ సుప్రీంకోర్టు కూడా, అమెరికాలో లాగా ఇక్కడ అది ప్రాథమిక హక్కు కాదని గుర్తుచేసింది.

ఇక బంకు సంగతి. పెట్రోలు ఫ్లాష్ పాయింట్ సుమారు మైనస్ 43 డిగ్రీలు. కెమిస్ట్రీ ల్యాబ్ చేసిన వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. సెల్‌ఫోన్ వాడొద్దని బోర్డు పెట్టిన చోట తుపాకీ పేల్చుకోమంటున్నాం. పైగా కత్తి మెడ దగ్గరికి రావడానికి పట్టింది మూడు నాలుగు సెకన్లు. చేతిలో చిల్లర ఉన్న మనిషి డ్రాయర్ తెరిచి, తీసి, గురిపెట్టేది ఎప్పుడు? ఇంకోటి, ఆ డ్రాయర్లో తుపాకీ ఉందని తెలిస్తే వచ్చేవాడు డబ్బు కోసం రాడు, తుపాకీ కోసమే వస్తాడు.

ఇది నా ఊహ కాదు. బ్యాంకు గన్‌మ్యాన్‌గా చేసిన ఒక రిటైర్డ్ జవాను తాత మా బజార్లోనే ఉంటాడు. సొంత డబుల్ బ్యారెల్. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పగించి, అయిపోయాక తెచ్చుకునేవాడు. "పదకొండేండ్లు మోసిన బిడ్డా, ఒక్కసారి గూడ పేల్చలే. దొంగొస్తడని కాదు నా బయం, ఎవడన్న దీన్నే గుంజుకపోతడని" అన్నాడు.

"సూర్యాపేట వాడివై ఉండి తుపాకీ వద్దంటావా?" అని చర్చలో ఒకరన్నారు. 2015 గురించే ఆ మాట. అప్పుడు నాకు పదేళ్లు. ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక హైటెక్ బస్టాండ్‌లో బస్సు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు, సీఐ గాయపడ్డారు. పొద్దున మా బడికి సెలవిచ్చారు. ఎందుకో అర్థం కాక సంబరపడ్డాం, అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. 4వ తేదీన మోత్కూరు మండలం జానకిపురం దగ్గర ఆ ఇద్దరూ పోలీసులకు ఎదురుపడి చనిపోయారు. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి 2013లో తప్పించుకున్న వాళ్లని తేలింది. ఆ కాల్పుల్లో ఇంకో కానిస్టేబుల్ పోయాడు. తూటాలు తగిలిన ఎస్సై సిద్ధయ్య మూడు రోజులు ఆస్పత్రిలో పోరాడి 7న కన్నుమూశారు. శిక్షణ ఉన్నవాళ్లు, ఎదుటివాడు ఎవరో తెలిసి వెళ్లినవాళ్లు, అయినా ప్రాణాలు పోయాయి. పోలీసులకు ఆయుధం వద్దని నేను అనడం లేదు. ఆ సంఘటన చూపించి క్యాషియర్‌కు రివాల్వర్ ఇవ్వమనడం మాత్రం నాకు అర్థం కాదు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది అటవీ సిబ్బంది విషయం. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ దగ్గర కొత్త సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన రేంజ్ ఆఫీసర్ అనితను ట్రాక్టర్ మీద నిలబడి ఉండగానే కర్రలతో కొట్టారు. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. 2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ప్లాంటేషన్లో పశువులను మేపొద్దన్నందుకు రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావును వేటకొడవళ్లతో నరికి చంపారు. ఆ తర్వాత సిబ్బంది ఆయుధాలివ్వమని గట్టిగా అడిగారు. సిగ్నల్ లేని అడవిలో, వందకు ఫోన్ చేసినా గంటకు గానీ ఎవరూ రాని చోట పనిచేసే మనిషి అలా అడిగితే "వద్దు" అనడానికి ఏసీ సెమినార్ హాల్లో కూర్చున్న నాకు నోరు రావడం లేదు.

అయినా ఒక్కసారి ఊహించండి. కొత్త సార్సాలలో ఆమె నడుముకు పిస్టల్ ఉంది, గుంపులోకి పేల్చింది, ఒకరు పడ్డారు. మర్నాడు ఆ ఊళ్లోకి ఏ బీట్ ఆఫీసర్ అయినా ఒంటరిగా పోగలడా? పోడు భూమి తగాదా అలాగే ఉంటుంది, దాని మీద ఒక శవం చేరుతుంది. నా లెక్కలో అక్కడ కావలసింది ఎవరి నడుముకు వారికి పిస్టల్ కాదు. రేంజ్‌కు ఒక శిక్షణ పొందిన సాయుధ బృందం ఉండాలి, ప్రతి తూటాకూ రిజిస్టర్లో లెక్క ఉండాలి, గొడవ ఉందని తెలిసిన చోటికి ఒక్కరినో ఇద్దరినో పంపకూడదు. పట్టాల పంచాయితీ త్వరగా తెగాలి, అది అన్నిటికన్నా ముందు.

అమెరికా సంగతి లేకుండా ఇంజనీరింగ్ కాలేజీలో ఏ చర్చా ముగియదు కదా. అక్కడ 2022లో న్యూయార్క్ కేసు తీర్పుతో ఇంటి బయట కూడా తుపాకీ మోసే హక్కు ఉందని వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. మా పెద్దమ్మ కొడుకు అక్కడ ఎంఎస్ చేస్తున్నాడు. "ఇక్కడ అందరి దగ్గరా ఉంటది తమ్మీ, నేనూ కొందామనుకుంటున్న" అని ఒకసారి అన్నాడు. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా కొనకూడదు, వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. 2024 నవంబర్ 13న అట్లాంటాలో మన హైదరాబాద్ అబ్బాయి తన పుట్టినరోజునాడు, వేట తుపాకీ శుభ్రం చేసుకుంటుంటే పేలి చనిపోయాడు. అదే నెల 29న షికాగోలో ఒక గ్యాస్ స్టేషన్‌లో ఖమ్మం జిల్లా అబ్బాయిని దుండగులు కాల్చి చంపారు. తుపాకీ దగ్గరున్నవాడూ పోయాడు, లేనివాడూ పోయాడు. అన్నకు ఈ రెండు వార్తలూ పంపించాను. చూశాడు, జవాబివ్వలేదు.

చర్చలో ఇంకో మాట వచ్చింది. "మన పెద్దలు తుపాకీ పట్టకపోతే దొరలు పోయేవాళ్లా?" నిజమే, ఈ నేల మీద వడిసెల నుంచి రైఫిల్ దాకా అన్నీ పట్టారు. మన జిల్లా బిడ్డ మల్లు స్వరాజ్యం దళంలో తిరిగారు. కానీ ఆ తుపాకీ ఎవరి సొంత డ్రాయర్లోదీ కాదు, సంఘానిది. పోరాటం 1951లో విరమించాక అదే స్వరాజ్యం తుంగతుర్తి నుంచి ఎన్నికల్లో గెలిచి అసెంబ్లీకి వెళ్లారు. ఆ చరిత్రను తెచ్చి బంకు కౌంటర్ మీద పెట్టడం అన్యాయం.

సేఫ్టీ సబ్జెక్టులో ప్రమాద నివారణ మెట్లు చదువుకున్నాం. ముందు ప్రమాదాన్నే లేకుండా చెయ్యి, కుదరకపోతే తగ్గించు, తర్వాత అడ్డు కట్టు, తర్వాత పని పద్ధతి మార్చు, అన్నిటికన్నా చివర హెల్మెట్, గ్లౌజులు. తుపాకీని ఎంత గొప్పగా చూసినా అది హెల్మెట్ మెట్టు మీదే ఉంటుంది. మా నాయిన బంకులో మొదటి మెట్టు ఎక్కించింది ఫోన్‌పే. రాత్రి గల్లాలో ఇప్పుడు నాలుగైదు వేలు దాటవు. మిగిలినవి గంటకోసారి, తాళం నాయిన దగ్గర లేని పెట్టెలో పడతాయి. కౌంటరుకు గ్రిల్ వచ్చింది. లైట్లు పెరిగాయి. వీటన్నిటికీ అయిన ఖర్చు ఒక రివాల్వర్ ధర కన్నా తక్కువేనని ఓనరే అన్నాడు.

రాత్రికి రెండో మనిషి కావాలని నాయిన అడిగాడు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరప్పుడు రద్దీ ఎక్కువని ఒక పిల్లగాణ్ని పెట్టారు. జాతర అయిపోయాక తీసేశారు. జీతం దండగ అట. ఇది రాస్తున్నప్పుడు పదిన్నర అయింది, నాయిన టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి బయల్దేరుతున్నాడు. ఈ రాత్రి కూడా ఒక్కడే.