గుంటగలగర యనుకొన్న తీగ



గతమాసమున పొరుగువీథి వదినగారొకరు చేతిబుట్టతో మా యింటికి వచ్చి, "వదినగారూ, మీ వాకిట గుంటగలగర తివాసీ పరచినట్లున్నదట. తలనూనెకు నాలుగు పిడికెళ్లు కోసికొందునా?" అని యడిగిరి. మేము సంతోషముతో "కోసికొనుడు" అంటిమి. ఆ మొక్క గుంటగలగర యని యూరంతకు చాటినవారము మేమే గదా!

ఆ తీగను రెండేండ్ల క్రిందట కడియపులంకనుండి తెచ్చితిమి. రాజమహేంద్రవరము చెంత కడియము, వేమగిరి, బుఱ్ఱిలంకల మొక్కల తోటలు చూడని గోదావరి ఆడపడుచు అరుదు. అచ్చట దీనిని వెడీలియా యందురు. నేల కనబడకుండ అల్లుకొనును. ఏడాది పొడవున పసుపుపచ్చని పూలు పూయును. మావారు బడినుండి వచ్చువేళకు వాకిలి కన్నులపండువుగ నుండవలెనని మా కోరిక. ఇక పేరు సంగతి. మార్కవము, భృంగరాజము అని అమరకోశమున చిన్ననాడే వల్లించితిమి. పసుపుపూల భృంగరాజమును గలదని వైద్యనిఘంటువులలో చూచియుంటిమి. ఇదియే అది యని నిశ్చయించుకొంటిమి. పేరు కంఠస్థమైనంత మాత్రమున మొక్క తెలియునా?

వదినగారు బుట్ట సగము నింపుసరికి, మా దొడ్డిలో కలుపు తీయుచున్న పెద్దామె తలయెత్తి, "అది గుంటగలగర కాదమ్మగారూ. ఆకు నలిపి సూడండి, సెయ్యి నల్లబడద్దేమో" అనెను. నలిపితిమి. అరచేయి పచ్చనయ్యెనే గాని నల్లబడలేదు. ఆమె బోదెగట్టునకు పోయి నిజమైన గుంటగలగరను తెచ్చి వదినగారి అరచేత నలిపెను. మేము చూచుచుండగనే పసరు నల్లనయ్యెను. వదినగారు మారుమాటాడక బుట్ట గుమ్మరించిరి. మాకు మొగము చెల్లలేదు.

నాటినుండి రెంటిని ప్రక్కప్రక్కన నుంచి పరీక్షించితిమి. గుంటగలగర ఆకు సన్నమై, పొడవై, బల్లెపు మొనవలె నుండును. కాడయు ఆకును గరుకు. పువ్వు తెల్లనిది, చొక్కా బొత్తాముకంటె చిన్నది. వరిగట్టులు, బోదెలు, కాలువల చెమ్మ దానికి పుట్టినిండ్లు. వెడీలియా ఆకు దళసరి, నిగనిగలాడును. ఇరుప్రక్కల చెరియొక మొన పొడుచుకొనివచ్చి, నడిమి దానితో మూడు మొనలగును. 1759లో లిన్నేయసు పండితుడు పెట్టిన పేరునకును ఈ మూడు మొనలే కారణము. ప్రతి ఆకున అవి స్పష్టముగ నుండవు గావున నాలుగైదాకులు త్రిప్పి చూడవలయును. పువ్వు పొడవైన కాడమీద ఒంటిగ నిలుచును, చిట్టి పొద్దుతిరుగుడనవచ్చును.

మమ్ము మోసగించినది ఆ పువ్వే. పీతభృంగరాజమునకును పసుపు పువ్వే గలదు. కాని దాని ఆకు సన్నము, మూడు మొనలుండవు. పువ్వు చూచి పేరు పెట్టిన మావంటివారికి ఈ పాటు తప్పదు. ఆకును నిర్ధారించుకొనక ఏ పసరును నూనెలో కాచకుడు, కడుపులోనికి పుచ్చుకొనకుడు.

ఇంతటితో పోయినచో నవ్వుకొని యూరకుందుము. వాకిట తీగ మితిమీరి పెరుగగా కత్తిరించి, ఆ ముక్కలను మేము కాలువగట్టున పారవేయుచుంటిమి. నేలనంటిన ప్రతి కణుపునను వేరు పుట్టుట దీని స్వభావము. మెక్సికో మొదలు దక్షిణ అమెరికా ఉష్ణప్రాంతములవరకు దీని పుట్టినిల్లు. తోటల సొంపునకై దేశదేశములకు కొనిపోబడినది. 2000 సంవత్సరమున అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు ప్రకటించిన, పరదేశములనుండి వచ్చి స్థలమాక్రమించు నూరు చెడ్డ జాతుల పట్టికలో దీని పేరును గలదు. పట్టిక యేల, మా గట్టే సాక్షి. పొన్నగంటి కూరయు, గుంటగలగరయు కోసికొనుచుండిన చోటు పది బారల మేర ఈ తీగక్రింద మునిగిపోయినది. పెద్దామె గుంటగలగరకై ఆ దినమున అంతదూరము ఏల పోయెనో మాకప్పుడు తెలిసినది.

వాకిటిది వేళ్లతో పెకలించితిమి. ఒక్క కణుపైనను నేలను పడనీయక, డాబామీద పెళపెళలాడునట్లు ఎండబెట్టి కాల్చుచున్నాము. ఇదివరకే వేసికొన్న సోదరీమణులు ఇటుకల గట్టు దాటనీయకుండుడు; కత్తిరించిన ముక్కలు కాలువపాలు చేయకుడు. మావారును మేమును ప్రతి ఆదివారము గట్టునకు పోవుచున్నాము. పెద్దామెయు తోడు వచ్చుచున్నది. పది బారలలో ఇంకను ఆరు మిగిలియున్నవి.