తగ్గింది స్పందనా, వినిపించే వీలా?

స్త్రీల సంఘాల ఫేస్‌బుక్ పేజీలకు స్పందన తగ్గిపోతోందన్న దిగులు కార్యకర్తలలో కనిపిస్తోంది. లైకులు, వ్యాఖ్యలు, షేర్లు కలిపి, ఆ పోస్టు చేరిన మనుషుల సంఖ్యతో భాగిస్తే వచ్చే శాతాన్నే స్పందన అంటున్నారు. అది పడిపోగానే స్త్రీలకు హక్కుల విషయంలో ఆసక్తి పోయిందని తేల్చేయడం తొందరపాటు అవుతుంది.

ముందు లెక్కను విడదీసి చూడాలి. డబ్బు కట్టి పోస్టును కొత్తవాళ్లకు పంపితే చేరినవాళ్లు పెరుగుతారు, స్పందించేవాళ్లు అంతగా పెరగరు. శాతం పడిపోతుంది గానీ పాతవాళ్లెవరూ దూరమైనట్టు కాదు. చేరినవాళ్లే తగ్గితే కారణం వేరే ఉంటుంది. సంస్థల పేజీలకన్నా బంధుమిత్రుల పోస్టులకే ముందు చోటిస్తామని 2018 జనవరిలో ఫేస్‌బుక్ ప్రకటించింది. కోపం గుర్తుతో సహా ఎమోజీలకు లైకుకన్నా ఐదు రెట్ల విలువ కట్టే పద్ధతిని 2017లో పెట్టిందని ఆ సంస్థ పత్రాల ద్వారా 2021లో బయటపడింది. తర్వాత ఆ విలువను తగ్గించినా, కోపం రేపే మాటకు, చట్టాన్ని వివరించే మాటకు ఒకే తూకం లేదన్నది తేలిపోయింది.

మూడో కారణం ఏ పట్టికలోనూ కనిపించదు. గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం గురించి చదివిందనుకుందాం. లైకు నొక్కితే ఆమె పేరు మేనేజరుకూ కనిపించవచ్చు, అత్తింటివారికీ కనిపించవచ్చు. అందుకే చదివి ఊరుకుంటుంది, లేదా స్నేహితురాలికి విడిగా చెబుతుంది. అక్కడి అపార్టుమెంట్లలో ఇంటిపని చేసే స్త్రీకి ఆ పోస్టు చేరడమే కష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. అదే చట్టం కింద ఇంటిపనివారు కూడా జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి ఎక్కువగా అవసరమైనవాళ్లే మన శాతంలో లేరు.

అంకె కోసం పరుగెడితే ఏం జరుగుతుంది? స్థానిక కమిటీ గురించి రాయడం మానేసి, ఆవేశం పుట్టించే వార్తలే పెడతాం. అప్పుడు శాతం పెరుగుతుంది, స్త్రీ చేతిలోని సమాచారం తరుగుతుంది.

కనుక స్పందన తగ్గినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం: లెక్క మారిందా? కంపెనీ పద్ధతి మారిందా? స్త్రీలు భయపడుతున్నారా? మొదటి రెండిటికీ పట్టికలు చాలు. మూడోదానికి మనుషుల్లోకి వెళ్లాలి. ఎందరు ఫోను చేశారు, ఎందరు సమావేశానికి వచ్చారు, ఎందరు ఫిర్యాదు రాయించుకున్నారు అనే లెక్క కూడా మన దగ్గర ఉండాలి. బహిరంగంగా మెచ్చుకోలేని స్త్రీకి రహస్యంగా మాట్లాడే దారి చూపడం ఉద్యమం పని. ఆ దారి తెరిచి ఉందా అన్నదే మన అసలు కొలమానం కావాలి.