పొట్టి మొక్క ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు



2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన తీరాన్ని దాటింది. తెల్లారి చూసేసరికి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో తాతలనాటి కొబ్బరి తోటలు నేలమీద ఉన్నాయి. అప్పటి నుంచీ మన ముందున్న ప్రశ్న ఒకటే. చెట్టు కూలిన చోట ఏం నాటాలి?

మొక్కలమ్మేవాళ్లను అడిగితే ‘పొట్టి రకం వెయ్యండి’ అంటారు. మూడు, నాలుగేళ్లకే కాపు వస్తుంది. దింపు కార్మికులు దొరకని ఈ రోజుల్లో కింద నిలబడే గెల కోసుకోవచ్చు. బొండాలకు గిరాకీ ఉంది. ఇవన్నీ నిజమే. కానీ ఇది సగం మాట. మిగతా సగం మనమే చెప్పుకోవాలి.

పొట్టి రకం నీటి ఎద్దడికి ఓర్చుకోదు. మనవి నీరు నిలవని ఇసుక నేలలు. కిడ్నీ జబ్బు భయంతో తాగే నీటినే అనుమానంగా చూసుకుంటున్న ఉద్దానంలో, వేసవంతా ఈ మొక్కలకు నీరు ఎక్కడి నుంచి తెచ్చి పోస్తాం? కొత్తగా వచ్చిపడిన సర్పిలాకార తెల్లదోమ కూడా పొట్టి రకాలనే ఎక్కువగా పీడిస్తోంది.

ఇక ధర సంగతి. కేంద్రం మద్దతు ధర ఇచ్చేది ప్రధానంగా ఎండు కొబ్బరికి. 2025 సీజనుకు మిల్లు రకానికి క్వింటాలు 11,582 రూపాయలు ప్రకటించింది. మనం అమ్ముకునేది పచ్చి కాయలు కాబట్టి ఆ ధర ఇప్పటికే మనకు దూరంగా ఉంది. పొట్టి చెట్టు కాయ ఎండు కొబ్బరికి అంతగా పనికిరాదు. అది బొండాం సరుకు. కోసిన బొండాం రోజుల్లో వాడిపోతుంది. వ్యాపారి రాకపోతే దాన్ని ఇంట్లో దాచుకోలేం.

మన నాటు పొడుగు చెట్టు కాపుకు ఆరేడేళ్లు పడుతుంది. ఒకసారి కాపుకొచ్చాక అరవై ఏళ్లు కాస్తుంది. కాయ తిండికి, పీచు తాడుకి, ఈనె చీపురుకి, మట్ట పొయ్యిలోకి, మాను ఇంటి దూలానికి. పొట్టి చెట్టు ఆయుష్షు అందులో సగమే. దాని నుంచి ఇన్ని పనులూ జరగవు.

పొట్టి చెట్టు వద్దని మనం అనడం లేదు. బోరు ఉన్నవారు, రోడ్డు దగ్గర తోట ఉన్నవారు కొన్ని వేసుకోవచ్చు. నాటు పొడుగు చెట్టుకు గంగబొండాం కలిపి తయారుచేసిన గోదావరి గంగ వంటి సంకరాలు కూడా ఉన్నాయి. ఏది వేయాలో నేలనీ నీటినీ చూసి రైతు తేల్చుకోవాలి. లారీలో ఏ మొక్క వస్తే అది పంచిపెట్టి లెక్క రాసుకోవడం సాయం కాదు. మనమూ ఉచితమని ఏ మొక్కో అడక్కుండా పట్టుకెళ్లాం. ఆ తప్పు మనదే. తప్పుడు మొక్క అని తేలేసరికి ఆరేడేళ్లు గడిచిపోతాయి. ఆ ఏళ్లు ఎవరూ తిరిగివ్వరు.

అందుకే మన డిమాండ్లు ఇవి. ఉద్దానం చెట్ల విత్తనంతో ఉద్దానంలోనే ప్రభుత్వ నర్సరీ పెట్టాలి. ఇచ్చే ప్రతి మొక్కకూ రకం, పుట్టుక రాసిన కాగితం ఇవ్వాలి. కూలిన చెట్టుకి ఆ ఏటి కాయలు కాదు, కొత్త మొక్క కాపుకొచ్చేదాకా పోయే రాబడి మొత్తం కట్టి పరిహారం ఇవ్వాలి. మద్దతు ధర మన పచ్చి కాయకూ అందేలా కొనుగోలు జరపాలి.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. తిత్లీకి నిలబడిన చెట్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. వాటిలో పాతికేళ్లు దాటి, ఏటా ఎనభై కాయలకు తగ్గకుండా కాస్తూ, తెగులు లేని చెట్టుకు సున్నం బొట్టు పెట్టండి. బాగా ముదిరిన కాయలు మడిలో వేయండి. ఏడాదికి ఆరు ఆకులు వేసి, మొదలు లావెక్కిన మొక్కనే నాటండి. బక్కదాన్ని మొహమాటం లేకుండా పారేయండి.

మన తాతలు నాటిన చెట్టు మనల్ని సాకింది. మనవల్ని సాకే చెట్టు ఏదో మనమే ఎంచుకుందాం.