తెలుగు స్పామ్‌కు విరుగుడు అమీర్‌పేటలోనే తయారుకావాలి

హైదరాబాద్ అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం మీదుగా ఆదిత్య ఎన్‌క్లేవ్ వైపు నడిచే కుర్రాడి చేతిలో నాలుగు అడుగులు వేసేలోపే నాలుగు కరపత్రాలు పడతాయి. జావా ఫుల్‌స్టాక్, పైథాన్, డెవాప్స్, డేటా సైన్స్, సెలీనియం. తల ఎత్తితే బోర్డుల మీదా అవే పేర్లు. పంజాగుట్ట దాకా వెళ్తే వీటికి విదేశీ చదువుల కన్సల్టెన్సీల బోర్డులు తోడవుతాయి. శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి, అనంతపురం నుంచి బీటెక్ పట్టా పట్టుకుని వచ్చిన లక్షల మందికి ఈ రెండు మూడు కిలోమీటర్ల దారే ఉద్యోగానికి తొలి మెట్టు అయింది.

ఆ బోర్డుల మీద పేర్లను ఒకసారి శ్రద్ధగా చదవాలి. పైథాన్ మొదటినుంచీ ఉచితం, దాని సోర్స్ కోడ్ ఎవరైనా చూడవచ్చు. జావాను సన్ మైక్రోసిస్టమ్స్ 2006 నవంబరులో జీపీఎల్ లైసెన్సు కిందికి తేవడం మొదలుపెట్టింది. డెవాప్స్ కోర్సులో చెప్పే లినక్స్, గిట్, జెన్‌కిన్స్, డాకర్, కుబర్నెటీస్ అన్నీ ఓపెన్ సోర్స్ పునాది మీద లేచినవే. ఒకప్పుడు ఇక్కడ టెస్టింగ్ టూల్స్ అంటే విన్‌రన్నర్, క్యూటీపీ. రెండూ మెర్క్యురీ అనే కంపెనీ డబ్బుకు అమ్మిన సరుకు. వాటి స్థానంలోకి 2004లో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ సెలీనియం వచ్చి కూర్చుంది. కోడ్ చూపించడమంటే ససేమిరా అన్న మైక్రోసాఫ్ట్ సైతం 2014 నవంబరులో డాట్‌నెట్‌ను ఓపెన్ సోర్స్ చేస్తున్నట్లు ప్రకటించింది. ముక్కూ మొహం తెలియని వేలమంది ప్రోగ్రామర్లు రాసి, అందరికీ పంచిపెట్టిన పనిమీద అమీర్‌పేట ఆర్థిక వ్యవస్థ నడుస్తోంది. శిక్షణ సంస్థ తీసుకునే ఫీజు బోధనకే. బోధించే వస్తువుకు అది ఎవరికీ పైసా కట్టనక్కరలేదు.

ఇందులో తప్పేమీ లేదు. ఓపెన్ సోర్స్ లైసెన్సులు ఆ స్వేచ్ఛను కోరి ఇచ్చాయి. పేదింటి పిల్లలకు ఆ స్వేచ్ఛ చేసిన మేలు చిన్నదేమీ కాదు. పేచీ అంతా శిక్షణ సంస్థ తలుపు దగ్గర జరిగే మరో లావాదేవీతోనే.

ఉచిత డెమో అని రాసి ఉంటుంది. లోపలికి అడుగుపెట్టగానే కౌంటర్ దగ్గర ఒక రిజిస్టరో, గూగుల్ ఫారమో ఎదురవుతుంది. పేరు, మొబైల్ నంబరు, వాట్సాప్ నంబరు, మెయిల్ ఐడీ, పాసైన సంవత్సరం, బ్రాంచి, ఆసక్తి ఉన్న కోర్సు. అన్నీ నింపితేనే క్లాసులోకి ప్రవేశం. ఆ కాగితం ఎన్నాళ్లు ఉంటుంది, ఎవరెవరు చూస్తారు, వద్దంటే చెరిపేస్తారా అని అడిగే విద్యార్థి ఉండడు, చెప్పే కౌన్సెలరూ ఉండడు. ఉద్యోగం లేని, ఉద్యోగం కోసం తపిస్తున్న, ఏ కోర్సు చదివాడో కూడా తెలిసిన ఇరవై రెండేళ్ల కుర్రాడి వివరాలవి. మోసగాళ్లకు అంతకన్నా విలువైన జాబితా ఉండదు.

ఆ తర్వాత వచ్చే మెయిల్ ఎలా ఉంటుందో అమీర్‌పేట హాస్టళ్లలో అందరికీ తెలుసు. పెద్ద ఐటీ కంపెనీ లోగో, 'మీరు షార్ట్‌లిస్ట్ అయ్యారు' అనే శుభవార్త, కింద హెచ్‌ఆర్ మేనేజర్ సంతకం. ఇంటర్వ్యూ ఫోన్‌లోనే అయిపోతుంది. ఆఫర్ లెటర్ పీడీఎఫ్‌గా వస్తుంది. ఆ వెనకే రిజిస్ట్రేషన్ ఫీజు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఖర్చు, లాప్‌టాప్ డిపాజిట్ అంటూ ఒక్కొక్కటిగా వస్తాయి. 'తర్వాత తిరిగి ఇచ్చేస్తాం' అన్న హామీ ప్రతిదానికీ ఉంటుంది. ఊళ్లో నాన్న అప్పు చేసి పంపిన డబ్బు అలా పోతుంది. డబ్బుతో పోతే అదృష్టమే అనుకోవాల్సిన ఉదంతాలూ ఉన్నాయి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి యువకులను కంబోడియాకు పంపి, అక్కడ బంధించి సైబర్ మోసాలు చేయిస్తున్న ముఠా గుట్టును 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ఉద్యోగం ఆశతో వెళ్లినవాళ్లు అక్కడ తమలాంటి వాళ్లకే వల వేయాల్సి వచ్చింది.

జాబితాలు చేతులు మారుతున్నాయన్నది అనుమానం కాదు, రుజువైన సంగతి. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముతున్న ముఠాను పట్టుకున్నారు. వారం పది రోజులు తిరగకముందే ఫరీదాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న మరో వ్యక్తిని అరెస్టు చేశారు. అతని దగ్గర 24 రాష్ట్రాలకు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది, సంస్థల సమాచారం దొరికిందని ప్రకటించారు. అందులో విద్యార్థుల వివరాలూ ఉన్నాయి. ఆ స్థాయి గోదాములు ఒక్కరోజులో నిండవు. ఎక్కడో ఒక కౌంటర్ దగ్గర, ఒక ఫారంలో, ఒక ఎక్సెల్ షీట్‌లో మొదలవుతాయి.

చట్టం ఏం చేస్తోంది? ఫోన్ కాల్స్, ఎస్సెమ్మెస్‌ల విషయంలో కొంత చేస్తోంది. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం వాణిజ్య సందేశం పంపేవారు ముందు నమోదు చేసుకోవాలి. వద్దనుకున్నవారు 1909 నంబరుకు చెప్పుకోవచ్చు. 2025 ఫిబ్రవరిలో ఆ నిబంధనలను బిగించారు. ఫిర్యాదుకు గడువు మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెరిగింది. పది రోజుల్లో అయిదు ఫిర్యాదులు వస్తే పంపినవారి మీద చర్య మొదలవ్వాలి. ఇవన్నీ టెలికం నెట్‌వర్క్ వరకే. ఈ-మెయిల్ స్పామ్‌కు 1909 లాంటి ఏర్పాటు లేదు. అమెరికా 2003లో, సింగపూర్ 2007లో స్పామ్ కోసం ప్రత్యేకంగా చట్టాలు చేశాయి. మన దేశంలో దానికి కాస్త దగ్గరగా వచ్చింది ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ ఒక్కటే. చికాకు పెట్టడానికి, ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా మోసగించడానికి పంపే మెయిళ్ల ప్రస్తావన అందులో ఉండేది. ఆ సెక్షన్ వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని తేల్చి, 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో దాన్ని మొత్తంగా కొట్టేసింది. ఆ తీర్పు సరైనదే. అయితే స్పామ్ విషయంలో మిగిలిన ఖాళీని పూడ్చే ప్రత్యేక చట్టం పార్లమెంటు నుంచి ఈనాటికీ రాలేదు. 2023 ఆగస్టులో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కొంత ఆశ కలిగిస్తోంది. ఎందుకు అడుగుతున్నారో చెప్పి, అనుమతి తీసుకుని, ఆ పని వరకే వాడాలని అది అంటోంది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి మరో ఏడాదిన్నర గడువు ఇచ్చారు.

చట్టం చేయలేకపోయిన పనిని ఇంతకాలం ఎక్కువగా సాంకేతికతే చేసింది. అందులో ఓపెన్ సోర్స్ పాత్ర చాలా పెద్దది. 2001లో మొదలై, తర్వాత అపాచీ ఫౌండేషన్ గూటికి చేరిన స్పామ్ వడపోత సాధనం స్పామ్అసాసిన్ పనితీరు ఏ విద్యార్థికైనా పాఠంగా చెప్పదగ్గది. వచ్చిన మెయిల్‌ను అది వందలాది నియమాలతో తడిమి చూస్తుంది. శీర్షిక మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంటే కొన్ని పాయింట్లు, పంపిన తేదీ తేడాగా ఉంటే కొన్ని, లింకు పైకి చూపేది ఒకటి లోపల మరొకటి అయితే ఇంకొన్ని. మొత్తం అయిదుకు చేరితే స్పామ్ అని ముద్ర వేస్తుంది. ఆ అయిదును వాడుకునేవాళ్లు తమ అవసరాన్నిబట్టి మార్చుకోవచ్చు. ఏ నియమానికి ఎన్ని పాయింట్లో బహిరంగంగా ఉంటుంది. ఎందుకు ఆపావు అని అడిగితే జవాబు చెప్పగల కాపలాదారు అది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ తమ వాడకందార్లకు పెద్దమొత్తంలో మెయిళ్లు పంపేవారిపై షరతులు విధించాయి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే ధ్రువీకరణలు ఉండాలి, ఒక్క నొక్కుతో చందా రద్దు చేసుకునే వీలుండాలి. ఆ మూడు ధ్రువీకరణలూ ఎవరైనా వాడుకోగల బహిరంగ ప్రమాణాలే.

ఇన్ని ఉన్నా తెలుగు కుర్రాడి ఇన్‌బాక్స్‌లోకి మోసం దూరుతూనే ఉంది. దానికి ఒక కారణం అమీర్‌పేట క్లాసు గదిలోనే కనిపిస్తుంది.

డేటా సైన్స్ కోర్సుల్లో తరచూ చేయించే తొలి ప్రాజెక్టుల్లో స్పామ్‌ను గుర్తించే ప్రోగ్రామ్ ఒకటి. దానికి వాడే సమాచారం దాదాపు ప్రతిచోటా ఒక్కటే. పరిశోధకులు పోగుచేసి ఉచితంగా ఇచ్చిన ఎస్సెమ్మెస్ సంకలనం అది. మొత్తం 5,574 సందేశాలు. అందులో 747 స్పామ్. స్పామ్ సందేశాలు చాలావరకు బ్రిటన్ నుంచి వచ్చినవి, మామూలు సందేశాల్లో ఎక్కువ భాగం సింగపూర్ విద్యార్థులవి. అన్నీ ఇంగ్లిష్‌లోనే. బ్రిటన్ ఫుట్‌బాల్ పోటీల టికెట్లు, పౌండ్లలో బహుమతులు, రింగ్‌టోన్ల బేరాలు. ప్రోగ్రామ్ తొంభై శాతానికి పైగా కచ్చితంగా పనిచేస్తోందని తెర మీద అంకె కనబడగానే ప్రాజెక్టు రెజ్యూమెలోకి ఎక్కుతుంది. అదే సాయంత్రం ఆ విద్యార్థి ఫోన్‌లోకి ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగుతో, మధ్యలో హిందీ కలిపి, లోన్ మంజూరైందనో, కరెంటు కనెక్షన్ తీసేస్తామనో, వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగం ఖాయమైందనో ఒక సందేశం వస్తుంది. తాను పొద్దున రాసిన ప్రోగ్రామ్‌కు దాన్ని చూపిస్తే అది గుర్తించలేదు. అలాంటి వాక్యం అది జన్మలో చూసి ఉండదు మరి.

చేయాల్సిన పని ఇక్కడే ఉంది. తెలుగువారికి వచ్చే స్పామ్‌ను తెలుగువారే పోగుచేయాలి. ప్రతి బ్యాచ్‌లో ప్రతి విద్యార్థీ తనకు వచ్చిన మోసపు సందేశాలు ఇస్తే చాలు, ఒక్క వీధిలోనే కొన్ని నెలల్లో వేల ఉదాహరణలు చేరతాయి. వాటిలోంచి పేర్లు, నంబర్లు, ఖాతా వివరాలు తీసేయాలి. ఉద్యోగ మోసం, లోన్ మోసం, కొరియర్ మోసం అని వర్గీకరించాలి. తెలుగు లిపిలో ఉన్నదేది, ఇంగ్లిష్ అక్షరాల తెలుగు ఏది అని గుర్తు పెట్టాలి. బహిరంగ లైసెన్సుతో అందరికీ అందుబాటులో ఉంచాలి. అప్పుడు బ్యాంకులు, టెలికం కంపెనీలు, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో, ఇంజనీరింగ్ కాలేజీలు ఎవరి అవసరానికి వారు వాడుకోవచ్చు. ఇంతమంది నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు, బాధితులు ఒకేచోట ఉన్న ప్రాంతం తెలుగు నేల మీద ఇంకొకటి లేదు.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. తెలుగు ఇంటర్నెట్ నిలబడిందే ఇలాంటి స్వచ్ఛంద శ్రమ మీద. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను రూపొందించి ఉచితంగా పంచారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా జీతం లేని రచయితల చేతుల్లో పెరిగింది. కీబోర్డు మీద తెలుగు రాయడం రాని తరానికి లేఖిని అనే టైపింగ్ సాధనం దారి చూపింది. హైదరాబాద్‌లో పుట్టిన స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్‌ను తయారుచేసి, ఇంజనీరింగ్ కాలేజీలకు ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని తీసుకెళ్లింది. వీరందరి దగ్గరా ఉన్నవి చిన్న వనరులే. అమీర్‌పేటలో ఏ రోజు చూసినా అంతకు ఎన్నో రెట్ల మనుషులు, కంప్యూటర్లు ఉంటాయి.

విద్యార్థికీ ఇందులో లాభముంది. దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ల కేసులు, బ్యాక్‌డోర్ ఉద్యోగాల మోసాలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. కొనుక్కున్న అనుభవం వెరిఫికేషన్‌లో పట్టుబడితే ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో చేసిన పనిని మాత్రం తేదీతో సహా ఎవరైనా చూసుకోవచ్చు. ఇంటర్వ్యూలో 'ఇది నేను చేశాను' అని ధైర్యంగా చూపించుకోగల అనుభవం అది. అందరి దగ్గరా ఉండే బ్రిటన్ సందేశాల ప్రాజెక్టు కన్నా ఇది నూరు పాళ్లు నయం.

శిక్షణ సంస్థల యజమానులు వచ్చే బ్యాచ్ నుంచే మొదలుపెట్టగల పనులు ఇంకా ఉన్నాయి. డెమో క్లాసుకు ఫోన్ నంబరు అడగడం మానేయాలి. చేరినవారి వివరాలను ఎవరికీ ఇవ్వబోమని గోడ మీద రాసి పెట్టాలి, ఆ మాట నిలబెట్టుకోవాలి. ఏ కోర్సులో చేరినవారికైనా మొదటి వారంలో ఒక గంట మెయిల్ చదవడం నేర్పాలి. జీమెయిల్‌లో 'షో ఒరిజినల్' నొక్కితే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఫలితాలు వరసగా కనిపిస్తాయి. అక్కడ 'పాస్' అని ఉంటే ఆ డొమైన్ నుంచే మెయిల్ వచ్చిందని మాత్రమే అర్థం. ఆ డొమైన్ అసలు కంపెనీదో, ఒక్క అక్షరం మార్చి కొన్నదో కళ్లు పెట్టి చూసుకోవాలి. రిప్లై వెళ్లే చిరునామా వేరేగా ఉంటే అక్కడే ఆగిపోవాలి. జీమెయిల్ ఐడీలో ఎట్ గుర్తుకు ముందు ప్లస్ గుర్తు, దాని పక్కన సంస్థ పేరు చేర్చి ఫారం నింపితే, రేపు స్పామ్ ఏ గుమ్మం నుంచి వచ్చిందో తేలికగా తెలుస్తుంది.

ప్రభుత్వం వైపు నుంచి కావాల్సింది ఈ-మెయిల్ మోసాలకూ 1909 అంత తేలికైన ఫిర్యాదు మార్గం, కోచింగ్ సంస్థలు సేకరించే వివరాల మీద నిఘా. అవి వచ్చేదాకా చదువరులు చేయగలిగింది చేయాలి. డబ్బు అడిగే ఉద్యోగ మెయిల్ వస్తే పైసా పంపకండి. పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆ మెయిల్‌ను సిగ్గుపడి చెరిపేయకండి. దాచి ఉంచండి, పక్క గదిలో ఉన్నవాళ్లకు చూపించండి, తెలుగు స్పామ్ సంకలనం మొదలుపెట్టే మొదటి బ్యాచ్‌కు అందజేయండి.