బాలింత ఇంటికి వెళ్లినట్టు వెళ్దాం

సంక్రాంతి సెలవులకు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: సూళ్లూరుపేట వెళ్లండి. ఒకపక్క పులికాట్ సరస్సు, దగ్గర్లోనే నేలపట్టు. కానీ పిక్నిక్‌కి వెళ్లినట్టు మాత్రం వెళ్లొద్దు.

చలికాలంలో పులికాట్‌కి వచ్చే ఫ్లెమింగోలు మన ఫోటోల కోసం నిలబడవండీ. లోతులేని ఉప్పునీళ్లలో ముక్కు తలకిందులుగా పెట్టి, నీళ్లు వడగట్టుకుని తింటుంటాయి. వీడియో కోసం చప్పట్లు కొట్టి గుంపును లేపడమంటే, విస్తరి ముందు నుంచి చుట్టాన్ని లేపేయడమే.

నేలపట్టులో ఇంకా జాగ్రత్త కావాలి. అక్కడ గూడబాతులు నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. తల్లి బెదిరి లేచిందంటే గుడ్లు ఎండకీ కాకులకీ అప్పగించినట్టే. బాలింత ఉన్న ఇంట్లో మనం గట్టిగా అరుస్తామా?

"పిల్లలు ఊరుకుంటారా?" అంటారు. ఎందుకు ఊరుకోవాలో చెబితే ఊరుకుంటారు. ఒక బైనాక్యులర్ చేతికిచ్చి వంతులవారీగా చూడమనండి. ఎదుటి ప్రాణి ఏదో పనిలో ఉందని గమనించడం అలవాటవుతుంది. అమ్మ ఫోన్ మాట్లాడుతున్నప్పుడు కూడా అది గుర్తొస్తే, మనకి అంతకంటే ఏం కావాలి!