ముందు చేయవలసినదేది?

పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభమును చదివిన విద్యార్థికి చిత్రగ్రీవుని కథ తెలిసియే యుండును. నూకలకు ఆశపడి పావురములు వలలో చిక్కినవి. దిగుదమని ఉసికొల్పిన పావురమును తక్కినవి నిందింప మొదలిడినవి. వేటకాడు వచ్చుచున్నాడు. ఆ క్షణమున రాజు మొదట ఏమి చేయవలెను? తప్పు ఎవరిదో తేల్చుటయా, వేటకాని బ్రతిమాలుటయా, ఎవరి రెక్కలు వారు కొట్టుకొనుటయా, అందరు నొక్కటియై వలతో కూడ ఎగురుటయా? నాలుగవదియే సరి యని పిల్లలు ఇట్టే చెప్పుదురు. కథ తెలియును గనుక. కథ తెలియనివానిని అడిగినప్పుడే ఆ ప్రశ్నకు విలువ.

ప్రాజెక్టు మేనేజరుల యోగ్యతను నిర్ణయించుటకు అమెరికాలోని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ జరుపు పి.ఎం.పి. పరీక్షలో ఎక్కువ భాగము ఇట్టి ప్రశ్నలే. ఆ సంస్థ 1969లో ఏర్పడినది. పరీక్ష 1984లో మొదలైనది. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కార్యాలయములలోని యువకులు, విదేశములందున్న తెలుగువారు పలువురు దీనికి కూర్చుండుచున్నారు. 2021 జనవరిలో తెచ్చిన మార్పు ప్రకారము ప్రశ్నలు 180, కాలము 230 నిమిషములు. ఆ లెక్కన ప్రశ్నకు 77 సెకన్లు నిండుగా చిక్కవు. నిర్వచనములు అడుగుట తక్కువ. ఒక పరిస్థితిని వర్ణించి, మేనేజరు మొదట ఏమి చేయవలెను, తరువాత ఏమి చేయవలెను, ఇట్లు జరుగకుండ ముందే ఏమి చేసి యుండవలసినది అని అడుగుదురు.

ఒక ఉదాహరణము. భవన నిర్మాణము సగమైనది. యజమాని నేరుగా మేస్త్రీ వద్దకు పోయి మరియొక కిటికీ పెట్టుమనెను. అతడు మొగమాటమునకు పోయి గోడ తొలిచెను. వారము తరువాత మేనేజరునకు తెలిసినది. మేస్త్రీని మందలింపవలెనా? గోడ పూడ్పింపవలెనా? పై అధికారికి నివేదింపవలెనా? లేక ఆ కిటికీ వలన ఖర్చు, గడువు, గోడ బలము ఏమగునో మేస్త్రీతో కూర్చుండి తెలిసికొనవలెనా? ఈ నాలుగింటిలో ఏదియు పూర్తిగా తప్పని త్రోసివేయుటకు వీలులేదు. అనుభవశాలి తడబడునది ఇక్కడనే. తన కార్యాలయములో పై అధికారికి చెప్పనిదే ఎవరును కాలు కదపరు. ఆ అలవాటుతో మూడవ జవాబును గుర్తించును. పరీక్ష కోరునది నాలుగవది. లెక్క తేలకుండ పరుగెత్తి పోయినచో ఆ పై అధికారి అడుగు మొదటి మాట, "ఎంత ఖర్చు?" అనియే గదా! లెక్క తేలిన పిదప మార్పును వ్రాతమూలకముగా ఆమోదమునకు పంపుట, మేస్త్రీకి నచ్చచెప్పుట వరుసగా వచ్చును. నాలుగు పనులును చేయదగినవే కావచ్చును; అడిగినది వరుస.

ఈ సంగతిని విడిచి, కొందరు శిక్షకులు చిట్కాలు వల్లెవేయించుచున్నారు. పై అధికారికి చెప్పుమను జవాబును కొట్టివేయుము, పరిశీలించుమను జవాబును పట్టుకొనుము, ఉద్యోగిని తొలగించుమనుదానిని కన్నెత్తి చూడకుము. వీనిలో కొంత సత్యము లేకపోలేదు. కాని పని ప్రాణాపాయమునకు దారితీయుచున్నప్పుడు, లేక విషయము మేనేజరు అధికారమును మించినప్పుడు, వెంటనే పైవారికి తెలుపుటయే ధర్మము. అంతేకాదు. అదే కిటికీ వంటి కోరిక సాఫ్ట్‌వేర్ పనిలో రెండు దారులు పట్టును. ప్రణాళికను, ఖర్చును మొదటనే బిగించి నడపు పనియైనచో కోరిక ఆమోద సంఘము ముందుకు పోవలెను. కొన్ని వారములకొకసారి కొంత కొంత పూర్తిచేసి చూపు అజైల్ పద్ధతి యైనచో, దానిని చేయవలసిన పనుల పట్టికలో చేర్చి, ముందో వెనుకో తేల్చుటను ప్రాడక్ట్ ఓనరునకు విడువవలెను. కోరిక ఒకటే, కోరినవాడు ఒకడే. ప్రశ్న నడుమ నున్న చిన్న వాక్యము జవాబును మార్చివేయుచున్నది. ఆ వాక్యమును చదువక చిట్కాను తలచుకొనువానికి 77 సెకన్లు కాదు, పూట సమయమిచ్చినను ఉపయోగము లేదు.

పరీక్షలోని మేనేజరు కొంత వింత మనిషి యని ఒప్పుకొనవలెను. వానికి కోపము రాదు, ఉద్యోగ భయము లేదు, అందరి మాట వినుటకు ఎప్పుడును తీరిక యుండును. తనకంటె వయసున పెద్దవానిని ఏకాంతమున పిలిచి "మీ పని వెనుకబడినది, కారణమేమి?" అని అడుగుటకు తెలుగువాడు సహజముగా జంకును, పరీక్షలో మాత్రము ఆ జవాబునే నిస్సంకోచముగా గుర్తించును. ఇది కపటమని ఆక్షేపించువారు కలరు. ఆక్షేపణ సగమే నిజము. చేయదగినది తెలిసి జంకువాడు నేడు కాకున్న రేపైన నోరు విప్పును. చిట్కాతో నెగ్గినవానికి తెలిసినదే లేదు. చేతిలో పట్టా మాత్రము ఉన్నది. వాని క్రింద పనిచేయు పదిమంది ఆ పట్టాను నమ్మి కూర్చుందురు. అసలు నష్టము వారిది.

నిర్వచింపుము, కారణములు వ్రాయుము అను ప్రశ్నలతోనే 15 ఏండ్లు చదివినవాడు 30వ ఏట ఇట్టి ప్రశ్నయెదుట దిగ్భ్రమ చెందుట వింత కాదు. బడిలోనే దీనికి చోటు కల్పింపవచ్చును. వార్షికోత్సవమునకు 3 రోజులున్నవి. నాటకములో ముఖ్యపాత్ర వేయు బాలునికి జ్వరము తగిలినది. మొదట ఏమి చేయవలెను? నాలుగు జవాబులు నల్లబల్లపై వ్రాసి, సరియైనది ఏదని గాక, తక్కిన మూడు ఎందుకు కావో చెప్పుమనవలెను. వేరొక బాలుని వెదకుదమని తరగతిలో సగము మంది అందురు. జ్వరము ఎన్నాళ్లుండునని వైద్యుడు చెప్పెనో ముందు తెలిసికొందమని ఏ పిల్లవాడైన అనెనా, ఉపాధ్యాయుడు వానిని మరల అడుగవలెను: దానికై ఎవరి ఇంటికి పోవలెను, పోయి ఏమని అడుగవలెను?